గడ్డి కింది ఈతకొలను

టాలిస్ ఫెర్రీ, అలబామా
సెప్టెంబర్ 6, 2023

ప్రియమైన నెల్డాకు,

నీ పాత సహోద్యోగి ఎర్నెస్టీన్ ప్రేమతో, నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల నా ఒంట్లో మోకాలు తప్ప మిగతావన్నీ ఇంకా నా మాట వింటున్నాయి. నీ నడుంనొప్పి తగ్గిందని, రాండల్‌కు షుగర్ అదుపులోకి వచ్చిందని కూరగాయల దుకాణంలో కనిపించినప్పుడు మీ చెల్లెలు చెప్పింది. సంతోషించాను. నేను ఫోన్ చేసినప్పుడల్లా రాండలే తీసి, నువ్వు తోటలో ఉన్నావని చెబుతున్నాడు. జనవరిలో మంచు గడ్డకట్టిన రోజున కూడా నువ్వు తోటలోనే ఉన్నావట. అందుకే ఈ ఉత్తరం.

బడి మొదలైంది. ఎనిమిదో తరగతి ఈసారి కూడా నాదే. ఇద్దరి గురించి చెబితే తరగతి అంతా నీకు కనబడుతుంది. కోల్బీ అని ఒకడున్నాడు, పలచని జుట్టు, ముఖం నిండా మచ్చలు. నవల ప్రతులు పంచగానే చేతిలో బరువు చూసి, "మేడమ్, ఇది సినిమాగా రాలేదా?" అని అడిగాడు. అతని వెనక బల్ల మీద కూర్చునే జమారియా, "వచ్చినా నువ్వు పాప్‌కార్న్ కోసం లేచి మధ్యలోనే పోతావు కదా" అంది. జమారియా మా చర్చి పిల్ల. ఆ తరగతిలో నల్లపిల్ల ఆమె ఒక్కతే. చదువుతున్నప్పుడు పెదవులు కదుపుతుంది. నువ్వుంటే ఆమెను మొదటి రోజే కనిపెట్టేదానివి.

ఏటా మనం చదివించే ఆ నవలే ఈ ఏడూ చదివించాలి. పత్తి మిల్లు ఊళ్లో తొంభై ఏళ్ల కిందటి ఇద్దరు పిల్లల కథ. దానికి ముందు ఏం చెయ్యాలో మనిద్దరికీ తెలుసు. మూడో అధ్యాయంలో ఆ ఇద్దరిలో నల్లపిల్లవాడి తల్లి కొడుకు పాదాన్ని కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాన్ని చెప్పుల కొట్టుకు పట్టుకెళుతుంది. పిల్లవాణ్ణి ఎందుకు తీసుకెళ్లలేదో రచయిత చెప్పడు. నల్లవాళ్ల పాదం తగిలిన జోడును తెల్లవాళ్లు కొనరు గనక, కొట్టులో తొడిగి చూసుకోవడానికి వాళ్లను ఒప్పుకునేవారు కాదన్న సంగతి ఆ రోజుల్లో అందరికీ తెలుసు, అందుకే చెప్పలేదు. ఈనాటి పిల్లలకు అది తెలియదు. తెలియకుండా చదివితే ఆ పేజీ వాళ్లకు వేరే పేజీ అవుతుంది. అందుకే మనం పుస్తకం తెరవడానికి ముందు జాతి వివక్ష గురించి మాట్లాడేవాళ్లం. అదీ తరగతి గదిలో కాదు.

పిల్లల్ని వరుసగా బడి పక్కనున్న పార్కుకు నడిపించి, ఆ పొడవాటి గడ్డి మీద కూర్చోబెట్టేవాళ్లం. చుట్టూ నేలకంటే జానెడు పల్లంగా ఉండే ఆ గడ్డి. వాన పడితే నీళ్లు నాలుగు మూలల్లోనూ సమంగా నిలిస్తే ఆ చోటు తన పాత ఆకారం చూపిస్తుంది. ముందు నువ్వు మొదలుపెట్టేదానివి. ఇక్కడ ఊరి ఈతకొలను ఉండేదని, మీ ఇల్లు సరిగ్గా దానికెదురుగా అని, అడుగున నీలిరంగు పలకలు పరిచి ఉండేవని, నీళ్లు ఎంత చల్లగా ఉండేవంటే దిగగానే ముందు ఊపిరి ఆగి, తరువాత నవ్వొచ్చేదని. పిల్లలు కళ్లు మూసుకుని వినేవారు. ఆ తరువాత నేను. తెల్లవారకముందే నీళ్లు శుభ్రం చేసే పని మా నాన్నదని, ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని కంచె బయట నిలబడేదాన్నని, నాలాంటి నల్లపిల్లలకు ఆ గేటు లేదని. చివరికి ఇద్దరం కలిసి, మనకు ఏడేళ్ల వయసులో ఒక వేసవి మధ్యలో ఆ కొలనును మట్టితో పూడ్చేశారని చెప్పేవాళ్లం. అందరికీ గేటు తెరవడం కంటే ఎవరికీ లేకుండా చేయడమే ఊరికి సులువనిపించిందని. పైపులు పాడయ్యాయని నోటీసు బోర్డులో పెట్టారని. అంతే. ఉపన్యాసం లేదు. ఆ తరువాత పిల్లలు అడిగేవారు, మనం చెప్పేవాళ్లం. మర్నాడు పుస్తకం తెరిస్తే మూడో అధ్యాయంలో ఒక్కరూ నవ్వేవారు కాదు.

ఇప్పుడు సంగతి మారింది. కొత్త నిబంధన వచ్చింది. ఇలాంటి విషయం మాట్లాడాలంటే ముందుగా అనుమతి కావాలి, ఏ విద్యార్థి మనసునూ కష్టపెట్టే విధంగా ఉండకూడదు, రెండు వైపులా వినిపించాలి. హెడ్‌మాస్టర్ ప్రూయిట్ నన్ను పిలిపించాడు. మన డ్వైటే. మనం చెబుతున్నప్పుడు గడ్డి పీకి జేబులో కుక్కుకున్న ఆ పిల్లవాడికి ఇప్పుడు బట్టతల. "మేడమ్, మీరొక్కరే మాట్లాడితే ఒకవైపు మాట అంటారు. మిస్ నెల్డా కూడా వస్తే కాగితం మీద నేను సంతకం పెడతాను," అన్నాడు. ఏ రెండు వైపులయ్యా అని అడిగాను. "కంచె లోపల, కంచె బయట. మీరిద్దరూ నేర్పిందే కదా," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఇంతకు మించి నా చేతుల్లో ఏం లేదు మేడమ్. ఇది కూడా ఎన్నాళ్లుంటుందో తెలీదు," అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో.

నెల్డా, పోయిన ఏడు ఆ గడ్డి మీద జరిగింది నేను మరిచిపోలేదు. వెనక కూర్చున్న ఒక అమ్మాయి, "సరిగ్గా అప్పుడే ఎందుకు పూడ్చారు? అంతకుముందు ఏమైనా జరిగిందా?" అని నిన్ను అడిగింది. నువ్వు తలనొప్పిగా ఉందని లేచి కారు దగ్గరికి వెళ్లిపోయావు. మళ్లీ బడి గడప తొక్కలేదు. కారణం నేను అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. వచ్చి నీ వంతు చెబితే చాలు. ఆ ప్రశ్న మళ్లీ వస్తే జవాబు నేను చెబుతాను.

వచ్చే గురువారం, పద్నాలుగో తారీఖు, రెండో పీరియడ్. నీకోసం మడత కుర్చీ తెస్తాను.

ఎప్పటిలాగే నీ
ఎర్నెస్టీన్ మోస్లీ


సెప్టెంబర్ 11

నెల్డా,

ఇవాళ కేకు ఇచ్చి వచ్చాక ఈ చీటీ రాసి మీ పోస్టుపెట్టెలో వేస్తున్నాను. వెన్న ఎక్కువ వేసి, పైన నిమ్మరసం పోసి, నీకిష్టమైనట్టే చేశాను. తలుపు రాండల్ తీశాడు. "తోటలో ఉంది, ఎర్నెస్టీన్," అన్నాడు. ఆయన వెనక వరండాలో నీ తోట చేతితొడుగులు కొక్కేనికి వేలాడుతున్నాయి. ఆయన వాటిని చూశాడు, నేనూ చూశాను. "చల్లారాక కోయమని చెప్పండి," అని వచ్చేశాను.

గురువారం. రెండో పీరియడ్.

ఎర్నెస్టీన్


టాలిస్ ఫెర్రీ
సెప్టెంబర్ 22, 2023

ప్రియమైన నెల్డాకు,

నమస్కారాలు. నువ్వు, రాండల్ క్షేమంగా ఉన్నారని నమ్ముతూ ఇది రాస్తున్నాను. కేకు పళ్లెం శుభ్రంగా తోమి మా వాకిట్లో పెట్టి వెళ్లింది నువ్వే అయివుంటావు. రాండల్ తోమితే అంచుల్లో పిండి ఉండిపోయేది.

ఆ గురువారం ఏం జరిగిందో నీకు సగం తెలుసు. మిగతా సగం చెబుతాను.

పిల్లల్ని గడ్డి మీదకు తీసుకువచ్చాను. ప్రూయిట్ కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. "పిక్నిక్కా మేడమ్? శాండ్‌విచ్‌లేవీ?" అన్నాడు కోల్బీ. "నువ్వు నోరు మూసుకున్న రోజున పెడతారు," అంది జమారియా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మడత కుర్చీ తెరిచి పెట్టాను. నీ గురించి, మిసెస్ హార్గ్రోవ్ వస్తారు, వచ్చాక మొదలుపెడదామని చెప్పాను.

అప్పుడే నీ లేతాకుపచ్చ కారు వచ్చి రోడ్డుకు అవతల పెకాన్ చెట్టు కింద ఆగింది. ఇంజన్ ఆగలేదు. అద్దం మీద కొమ్మల నీడ పడి నీ ముఖం కనబడలేదు కానీ, స్టీరింగ్ మీద నీ రెండు చేతులూ కనబడ్డాయి. "ఆ కారులో ఎవరు మేడమ్?" అని ఎవరో అడిగారు. దారి తెలియక ఆగిన వాళ్లయి ఉంటారని అన్నాను. నీవైపు చెయ్యి ఊపుదామనుకున్నాను. ఊపితే నువ్వు దిగుతావో, వెళ్లిపోతావో తెలియలేదు. చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

ప్రూయిట్ కూడా ఆ కారును గుర్తుపట్టాడు. కాసేపు నీవైపు, కాసేపు నావైపు చూశాడు. ఆలోపు జమారియా గడ్డి మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ జరిపింది. "మేడమ్, ఇక్కడి నేల పెట్టెలాగా ఎందుకు దిగింది? ఇక్కడేదో ఉండేది కదూ?" అని అడిగింది. ఎవరూ చెప్పకుండా అంతవరకు వచ్చింది ఆ పిల్ల. నేను ప్రూయిట్‌ను చూశాను. అతను తన బూట్లను చూసుకున్నాడు. "ఇవాళ దాని గురించి మాట్లాడలేమమ్మా," అన్నాను. "మరెప్పుడు?" అంది. అప్పటికే ప్రూయిట్ నా దగ్గరికి వంగి, "లోపలికి వెళ్దాం మేడమ్. నన్ను క్షమించండి," అన్నాడు. కుర్చీ మడిచేసరికి నీ కారు లేదు.

సంభాషణకు బదులుగా ప్రూయిట్ నాకొక ముద్రించిన పత్రం ఇచ్చాడు. కఠిన పదాలు, వాటి అర్థాలు. దాన్నే చదివించాను. మర్నాడు నవల మొదలుపెట్టాం. ఇన్నేళ్లుగా బోధించినదాన్ని గనక ఎక్కడ ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా, రోజుకొక అధ్యాయం చొప్పున, దాని వైపే నడిచాను.

మూడో అధ్యాయాన్ని కోల్బీ పైకి చదివాడు. ఆ తల్లి పిల్లవాడి పాదం చుట్టూ పెన్సిల్ తిప్పే చోట ఆగి, "అప్పట్లోనే ఆన్‌లైన్ ఆర్డర్ మేడమ్! కొలత పంపితే చాలు, జోడు ఇంటికొచ్చేస్తుంది," అన్నాడు. తరగతి ఘొల్లుమంది. కోల్బీ చెడ్డవాడు కాదు. వాడికి చెప్పినవాళ్లు లేరు. కానీ నెల్డా, జమారియా కూడా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది. బల్ల మీద చరిచి మరీ నవ్వింది.

నా చేతిలో ఆ పత్రం ఉంది. అందులో ఆ పేజీలోని 'రూపురేఖ' అనే మాటకు అర్థం ఇచ్చారు. నేను బోర్డు వైపు తిరిగి ఆ అర్థం రాశాను. ఇంకేం రాయాలో తెలియక, రాసినదాని కింద గీత కూడా గీశాను. సుద్ద విరిగిపోయింది.

మరుసటి రోజు ఉదయం గంట కొట్టకముందే జమారియా నా బల్ల దగ్గరికి వచ్చింది. సంచి భుజం మీద నుంచి దించలేదు. సంగతి ఇంట్లో చెప్పిందట. నవ్వుతూనే చెప్పిందట. వాళ్ల తాతగారు తింటున్నవారల్లా ఫోర్కు పక్కన పెట్టి, అది ఆర్డరు కాదని, తన పాదాన్నీ అలాగే గీసేవారని చెప్పారట. రొట్టె చుట్టిన గోధుమరంగు కాగితం మీద. అలా తెచ్చిన జోడు ఎప్పుడూ ఒక పక్క కరిచేదట. ఇదంతా చెప్పి, "నేను నవ్వాను కదా మేడమ్," అంది. నీ తప్పు కాదమ్మా అన్నాను. "అది తెలుసు. మీకు ముందే తెలుసు కదా. మీరు నన్ను ఆపలేదు," అంది. గొంతు పెంచలేదు. వెళ్లి తన చోట కూర్చుంది.

నేను ఆ పిల్లకు ఏం చెప్పగలను? నిబంధన గురించి చెప్పనా? దారి తెలియక ఆగిన కారు గురించి చెప్పనా? ప్రూయిట్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. అతను కిటికీలోంచి ఆ గడ్డినే చూస్తూ, "ఇంకో ఏడాది ఆగితే పుస్తకమే తీసేస్తారు మేడమ్. అప్పుడు ఈ బాధా ఉండదు," అన్నాడు. హాస్యమాడాలని అన్నాడు పాపం. మాట పూర్తయ్యాక అతనికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు చదివే వంతు వస్తే జమారియా తల అడ్డంగా ఊపుతుంది. పెదవులు కదపడం కూడా మానేసింది. కోల్బీ జోకులు తగ్గించాడు. ఎందుకు తగ్గించాలో మాత్రం వాడికి తెలియదు. నవల ఇంకా సగం కూడా కాలేదు. రోజూ తెరుస్తున్నాం, చదువుతున్నాం, మూసేస్తున్నాం. బోధించడం నాకు వచ్చు నెల్డా. ఇన్నేళ్లూ నేను చేసింది ఆ పని ఒక్కటే. చేతిలో ఉన్నదాన్ని ఇవ్వడానికి వీల్లేక, అవతలివాళ్ల చేతులు చాచి ఉండగా చూస్తూ కూర్చోవడం మాత్రం ఈ వయసులో కొత్తగా నేర్చుకుంటున్నాను.

నిన్ను నిందించడానికి ఇది రాయలేదు. నువ్వు రోడ్డు అవతలిదాకా వచ్చావు. అంతదూరం రావడానికి నీకు ఎంత కష్టమైందో నేను ఊహించగలను.

రాండల్‌కు నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
నీ ఎర్నెస్టీన్

తా.క. - ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. "మీకు ముందే తెలుసు కదా" అన్న ఆ పిల్ల మాట నన్ను వదలడం లేదు. నీ విషయంలోనూ నాకు ముందే తెలుసు, నెల్డా.

పిల్లలకు నేను కంచె బయట నిలబడ్డానని చెబుతూ వచ్చాను. అది నిజమే, ఒక్క ఉదయం తప్ప. ఆ ఉదయం బాగా ఉక్కగా ఉంది. మా నాన్న అటూ ఇటూ చూసి గేటు తీసి, "ఒక్కసారి దిగవే తల్లీ, ఎవరూ లేరు," అన్నాడు. లోదుస్తులతోనే దిగాను. వెల్లకిలా తేలుతున్నప్పుడు నువ్వు కనబడ్డావు. రాత్రి గౌనుతో, చెప్పులు లేకుండా మీ ఇంట్లోంచి వచ్చి, కంచె బయట నిలబడి, వైరు పట్టుకుని నన్నే చూస్తున్నావు. నువ్వు చెయ్యి ఊపావు. నేనూ ఊపాను.

ఆ మర్నాడు నేను దిగిన ఆ నీళ్లన్నీ బయటికి వదిలేశారు. ఆ వారంలోనే మట్టి లారీలు వచ్చాయి. మా నాన్నను పనిలోంచి తీసేసిన రోజున మీ నాన్నగారే ఆయనతో చెప్పారట, "మా పాప పొద్దున్నే చూసొచ్చి, చేపపిల్లలా తేలుతోందని మురిసిపోతూ చెప్పింది," అని. నువ్వు చెప్పింది ఊరి కౌన్సిల్ మెంబరైన మీ నాన్నగారికి, టిఫిన్ బల్ల దగ్గర. నేను పెద్దదాన్నయ్యాక నాన్న ఈ మాట నాకు చెప్పాడు. చెప్పి, "ఆ పిల్లను ఏమీ అనుకోకు. అది చూసిన సంతోషం చెప్పుకుంది," అన్నాడు. నీ పక్కన మొదటిసారి ఆ గడ్డి మీద నిలబడిననాడే ఇదంతా నాకు తెలుసు. ఏనాడూ ఏమీ అనుకోలేదు. నీకు గుర్తుందో లేదో తెలియక మాట్లాడలేదు. పోయిన ఏడు ఆ అమ్మాయి ప్రశ్నకు నీ ముఖం చూశాక, గుర్తుందని తెలిసింది. అప్పుడైనా చెప్పాల్సింది.

ఆ గురువారంతో అనుమతి కూడా పోయింది; నువ్వు వచ్చినా రాకపోయినా ఇప్పుడు ఆ గడ్డి మీద మనల్ని ఎవరూ మాట్లాడనివ్వరు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఏటా నువ్వు ఆ నీళ్ల గురించి పిల్లలకు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. అడుగున పలకలు నీలంగానే ఉన్నాయి. దిగగానే ముందు ఊపిరి ఆగింది, తరువాత నవ్వొచ్చింది.